వంశవృక్షానికి అందని చిత్రకారుడు: విఫ్రెడో లామ్

విఫ్రెడో లామ్ గురించి ఎవరు రాసినా మొదటి పేరాలోనే ఆయన వంశవృక్షం వచ్చేస్తుంది. తండ్రి చైనీయుడు, తల్లిది ఆఫ్రికన్, స్పానిష్ రక్తాలు కలిసిన కుటుంబం, పుట్టింది క్యూబాలో, చదువుకున్నది స్పెయిన్‌లో, పేరు వచ్చింది పారిస్‌లో. ఇంత చెప్పాక పంపకాలు తేలికైపోతాయి: బొమ్మల్లోని ఆఫ్రికా ముఖాలు తల్లి వాటా, గీతలోని నాజూకు తండ్రి వాటా, శరీరాన్ని విరిచి మళ్ళీ కూర్చే పద్ధతి పికాసో వాటా. చూడ్డానికి ముచ్చటగా ఉండే ఈ లెక్క ఆయన జీవితంలోని తేదీలను పక్కన పెట్టుకుని చూస్తే ఎక్కడా పొసగదు. ముప్ఫై అయిదేళ్ళ వయసు వచ్చేదాకా లామ్ కుంచెలో ఆఫ్రికా జాడ దాదాపు లేదు. తీరా వచ్చినప్పుడు అది సొంత ఊరి నుంచి కాక పారిస్ మీదుగా వచ్చింది. క్యూబా దేవతలైతే దాదాపు నలభయ్యో ఏట, స్వదేశానికి తిరిగి వెళ్ళి, అక్కడి పరిశోధకులతో కలిసి తిరిగిన తరవాతే ఆయన చిత్రాల్లో అడుగుపెట్టారు. పుట్టుకతో వచ్చినదాన్ని లామ్ దాదాపు పరాయి విద్య నేర్చుకున్నట్టే నేర్చుకోవలసి వచ్చింది. ఆయన కథలో విడదీసి చూడవలసిన ముడి ఇదే.

లామ్ 1902 డిసెంబరు 8న క్యూబా ఉత్తర తీరానికి దగ్గరగా, చెరకు తోటల మధ్య ఉన్న సాగ్వా లా గ్రాందె అనే పట్టణంలో పుట్టాడు. అప్పటికి క్యూబా స్వతంత్ర గణతంత్రమై ఏడు నెలలు కూడా నిండలేదు. బానిసత్వం రద్దయి పదహారేళ్ళే అయింది. తండ్రి లామ్ యామ్ దక్షిణ చైనాలోని కాంటన్ ప్రాంతం నుంచి వచ్చినవాడు. కొడుకు పుట్టేనాటికే ఆయనకు ఎనభై దాటాయని, నూరేళ్ళు పైబడి బతికాడని కుటుంబంలో చెప్పుకునేవారు. చైనా లిపి చక్కగా రాయగలిగినవాడు కాబట్టి ఊళ్ళోని తోటి చైనీయులకు ఉత్తరాలు రాసిపెట్టేవాడు. తల్లి ఆనా సెరాఫినా కాంగో మూలాలున్న, బానిసత్వం అనుభవించిన స్త్రీ కూతురు. వాళ్ళ పిల్లల్లో లామ్ ఎనిమిదోవాడు.

ఈ కలగలుపును ఏదో అందమైన యాదృచ్ఛికంగా వర్ణించే అలవాటు కళా విమర్శలో ఉంది. నాకు అది ఎప్పుడూ మింగుడుపడలేదు. ఈ కుటుంబాన్ని కలిపింది చెరకు. ఆఫ్రికా నుంచి బానిసలను తెచ్చింది చెరకు కోసమే. ఆ వ్యాపారం మీద ఆంక్షలు పెరిగాక 1847 నుంచి 1874 దాకా లక్షమందికి పైగా చైనా కూలీలను ఒప్పంద పత్రాల మీద క్యూబాకు ఓడల్లో చేరవేసిందీ చెరకు కోసమే. సరిగ్గా ఆ దశాబ్దాల్లోనే మద్రాసు రేవు నుంచి తమిళులతో పాటు తెలుగువాళ్ళు కూడా బ్రిటిష్ గయానా చెరకు తోటలకు ఓడలెక్కారు. కరీబియన్ దీవుల్లో ఎవరి మూలాలు తవ్వినా అడుగున తగిలేది ఒక తోట యజమాని లెక్కల పుస్తకం. లామ్ తన అత్యంత ప్రసిద్ధ చిత్రంలో చెరకు గడలనే ఎందుకు నిలబెట్టాడో ఇది గుర్తుంటేనే అర్థమవుతుంది.

బాల్యంలో ఆయన మీద గాఢంగా పడిన మరో ముద్ర మంతోనికా విల్సన్ అనే ఆమెది. ఆమె లామ్‌కు జ్ఞానస్నానపు తల్లి. ఊళ్ళో పేరున్న వైద్యురాలు, సాంతెరియా మతంలో పూజారిణి. పశ్చిమాఫ్రికాలోని యోరుబా ప్రజల దేవతలు బానిసలతో పాటు క్యూబాకు వచ్చి, కేథలిక్ సాధువుల బొమ్మల చాటున తలదాచుకోగా రూపుదిద్దుకున్న మతమే సాంతెరియా. ఉరుముల దేవుడు చాంగో సెయింట్ బార్బరా ముసుగులో పూజలందుకున్నాడు. కూడళ్ళను, దారులను కాపలా కాసే ఎలెగ్వా గుండ్రటి చిన్న తలగా గుమ్మం పక్కన కూర్చున్నాడు. మంతోనికా ఈ కుర్రవాడిని తన దారిలో పెట్టాలని ఆశపడింది గానీ లామ్ దీక్ష తీసుకోలేదు. అంటే ఆయన ఆ మతాన్ని గడపలో నిలబడి చూసినవాడే తప్ప గర్భగుడిలోకి వెళ్ళినవాడు కాదు. తరవాతి కాలంలో ఆయన చిత్రాలను మంత్రాలుగా, తంతులుగా చదివే విమర్శకులు ఈ సంగతిని చాలా సార్లు మరిచిపోతారు.

1916లో లామ్ హవానా చేరాడు. ఇంట్లోవాళ్ళు న్యాయవాది కావాలనుకుంటే, ఆయన సాన్ అలెహాంద్రో కళాశాలలో బొమ్మలు నేర్చుకున్నాడు. 1923లో సొంత ఊరి పురపాలక సంఘం ఇచ్చిన చిన్న ఉపకార వేతనంతో మాడ్రిడ్ వెళ్ళాడు. అసలు పేరు విల్ఫ్రెడో. ఏదో కాగితంలో గుమాస్తా చేతిలో ఒక అక్షరం జారిపోతే ఆ విఫ్రెడోనే ఉంచేసుకున్నాడని చెబుతారు. స్పెయిన్‌లో కొద్ది కాలం ఉందామని వెళ్ళినవాడు పదిహేనేళ్ళు ఉండిపోయాడు.

ఆ పదిహేనేళ్ళను జీవితచరిత్రలు తొందరగా దాటేస్తాయి. ప్రాదో మ్యూజియం డైరెక్టర్, సంప్రదాయ శైలిలో ముఖచిత్రాలు గీసే ఫెర్నాండో అల్వారెజ్ దె సోతోమయోర్ దగ్గర లామ్ శిష్యరికం చేశాడు. సాల్వడార్ డాలీ కూడా ఆయన శిష్యుడే. ప్రాదోలో గోయా, వెలాస్కెజ్, బాష్‌ల చిత్రాల ముందు గంటలు గడిపాడు. పొట్టకూటికి ముఖచిత్రాలు గీశాడు. క్వెన్కా పట్టణానికి వెళ్ళి అక్కడి ఇళ్ళను, రైతులను చిత్రించాడు. ఇవన్నీ చేయి తిరిగిన, బుద్ధిమంతుడైన విద్యార్థి పనులు. వీటిలో చైనా గాని ఆఫ్రికా గాని వెతికినా దొరకవు. 1929లో ఎవా పిరిస్‌ను పెళ్ళి చేసుకున్నాడు; రెండేళ్ళు తిరగకుండానే 1931లో ఆమె, వాళ్ళ పసివాడు క్షయతో చనిపోయారు. ఆ తరవాతి సంవత్సరాల్లో తల్లీబిడ్డల బొమ్మలు ఆయన దగ్గర మళ్ళీమళ్ళీ కనిపిస్తాయి. ముఖాలు క్రమంగా వివరాలను పోగొట్టుకుని నున్నటి కోడిగుడ్డు ఆకారాలుగా మిగులుతాయి.

1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైనప్పుడు లామ్ గణతంత్ర పక్షాన నిలిచాడు. పోస్టర్లు వేశాడు, ఆయుధ కర్మాగారంలో పనిచేశాడు. అక్కడి రసాయనాలతో ఆరోగ్యం దెబ్బతిని బార్సిలోనా దగ్గర కాల్దెస్ దె మొంబుయి అనే ఊళ్ళో చికిత్సకు చేరాడు. అక్కడ పరిచయమైన శిల్పి మనోలో ఉగే ఇచ్చిన ఉత్తరమే 1938లో ఆయన్ని పారిస్‌లో పికాసో గుమ్మం దాకా తీసుకెళ్ళింది.

పికాసోతో స్నేహం గురించి తెగ రాశారు. లామ్‌ను పికాసో ఆదరించిన మాట నిజం. మిత్రులకు పరిచయం చేశాడు, 1939లో పియర్ లోబ్ గ్యాలరీలో ప్రదర్శన ఏర్పాటు కావడానికి కారణమయ్యాడు. నన్ను ఆపే ఘట్టం మాత్రం వేరే ఉంది. లామ్‌కు ఆఫ్రికా శిల్పం గురించి తెలియజెప్పమని పికాసో తన మిత్రుడు, మానవ శాస్త్రవేత్త, రచయిత మిషెల్ లెరిస్‌కు అప్పగించాడట. లెరిస్ ఆయన్ని మానవ జాతుల మ్యూజియానికి తీసుకెళ్ళాడు. కాంగో నుంచి బానిసలుగా వచ్చినవారి సంతతివాడు, మంతోనికా చేతుల్లో పెరిగినవాడు, ఆఫ్రికా ముఖాలను ఒక ఫ్రెంచి పండితుడి వెంట నడుస్తూ అద్దాల పెట్టెల్లో చూశాడు. రక్తంలోంచే కళ పుడుతుందనేవారు ఈ ఘట్టానికి ఏమని సమాధానం చెబుతారో నాకు తెలియదు. పికాసో లాంటివారికి ఆ ముఖాలు కొత్త ఆకారాల గని. లామ్‌కు మొదట్లో అవి దాదాపు అంతే. ఆ కాలపు చిత్రాల్లోని కోణాల ముఖాలను పికాసో వెలుగులో చూసినవారిని తప్పుపట్టలేం. తేడా తరవాత వచ్చింది.

1940 జూన్‌లో జర్మన్ సైన్యం పారిస్‌ను ఆక్రమించే వేళకు లామ్ దక్షిణానికి పారిపోయి మార్సెయి చేరాడు. యూరప్ నుంచి బయటపడాలనుకునే రచయితలకు, కళాకారులకు అమెరికన్ పాత్రికేయుడు వేరియన్ ఫ్రై సాయం చేస్తున్నది అక్కడే. వీసాల కోసం ఎదురుచూస్తూ కలల తర్కంతో కళ సృష్టించే సర్రియలిస్టులంతా ఊరి శివారులోని ఎయిర్-బెల్ అనే ఇంట్లో కూడేవారు. లామ్ ఆ నెలల్లో సిరాతో గీసిన బొమ్మల్లో మొదటిసారిగా మనిషి, జంతువు, మొక్క ఒకదాంట్లోకి ఒకటి జారిపోవడం మొదలుపెట్టాయి. సర్రియలిస్టుల నాయకుడు ఆంద్రే బ్రెటన్ రాసిన దీర్ఘ కవితకు ఆయన వేసిన బొమ్మలు ఈ కాలానివే. 1941 మార్చి చివర్లో 'కాపితేన్ పాల్ లెమెర్ల్' అనే ఓడ సుమారు మూడు వందల మంది శరణార్థులతో బయల్దేరింది. లామ్, ఆయన సహచరి హెలెనా హోల్జర్, బ్రెటన్, మానవ శాస్త్రవేత్త క్లోద్ లెవీ-స్ట్రాస్, రచయితలు విక్టర్ సెర్జ్, ఆనా జెఘెర్స్ అందరూ అందులోనివారే. కరీబియన్ దీవి మార్టినిక్‌లో అధికారులు వారిని శిబిరంలో పెట్టారు. ఆ విడిదిలోనే లామ్‌కు కవి ఎమే సెజేర్ పరిచయమయ్యాడు. వలస పాలనలోని నల్లజాతి మనిషి తన నేలకు తిరిగి రావడం గురించి సెజేర్ అప్పటికే గొప్ప కావ్యం రాసి ఉన్నాడు. రెండేళ్ళకు హవానాలో ఆ కావ్యం స్పానిష్ అనువాదం లామ్ బొమ్మలతో అచ్చయింది. నా అంచనాలో పికాసోతో కలయిక కంటే ఈ కలయికే లామ్‌కు ఎక్కువ పనికొచ్చింది. ఆకారాలు ఎలా విరవాలో ఆయనకు అప్పటికే తెలుసు. విరిచి ఏం చెప్పాలో ఇక్కడ తేలింది.

పద్దెనిమిదేళ్ళ తరవాత 1941లో అడుగుపెట్టిన క్యూబా ఆయనకు ఆనందాన్నివ్వలేదు. పర్యాటకుల కోసం ముస్తాబైన హవానాలో నల్లవారి సంగీతం, నాట్యం, చివరికి దేవతలు కూడా అమ్మకపు సరుకైపోయినట్టు ఆయనకు కనిపించింది. ఆ ఎర్రటి, ఆకుపచ్చటి పర్యాటక చిత్రాల బాణీలో తాను గీయనని, శత్రువు కోటలోకి చేరి లోపలి నుంచి విరుచుకుపడే ట్రోజన్ గుర్రంలా తన బొమ్మలు దోచుకునేవారి కలల్ని చెడగొట్టాలని కోరుకున్నట్టు ఆయన తరవాత చెప్పుకున్నాడు. అయితే దానికి సరంజామా కావాలి కదా. ఆ పని రచయిత్రి, జానపద పరిశోధకురాలు లిడియా కబ్రేరా వల్ల జరిగింది. ఆఫ్రో-క్యూబన్ మతాలను, మొక్కలను, కథలను దశాబ్దాల పాటు సేకరించిన కబ్రేరాతో, నవలాకారుడు అలెహో కార్పెంతియేర్‌తో కలిసి లామ్ పూజలకు, తంతులకు వెళ్ళాడు. ఆనాటి ఆయన చిత్రాలకు కొన్ని పేర్లు కబ్రేరా సూచించినవే. అందుకే శీర్షికలో ఒక ఒరిషా, అంటే సాంతెరియా దేవత, పేరు కనపడగానే చిత్రాన్ని ఆ దేవత మూర్తిగా చదివేయడం తొందరపాటు. చాలా సార్లు బొమ్మ ముందు పుట్టింది, పేరు తరవాత వచ్చింది.

ఈ కాలపు చిత్రాలకు శిఖరం 1942 చివర, 1943 మొదట గీసిన 'లా హుంగ్లా', అంటే అడవి. నిలువు దాదాపు 2.4 మీటర్లు, అడ్డం 2.3 మీటర్లు. అది గుడ్డ మీద గీసింది కాదు. కాగితం మీద పలచగా కలిపిన రంగులతో గీసి, తరవాత కాన్వాసుకు అతికించినది. ముందు కళ్ళకు కనిపించేది పై నుంచి కింది దాకా ఊచల్లా నిలబడ్డ గడలు. వాటి మధ్య నీలం, ఆకుపచ్చ, పసుపు కలిసిన వెన్నెల లాంటి వెలుతురు. కాసేపు చూస్తే గడల్లో కొన్ని కాళ్ళని తెలుస్తుంది. కింద పెద్ద పెద్ద పాదాలు నేలకు అంటుకుని ఉంటాయి. నాలుగు ఆకారాలు, చంద్రవంకల్లాంటి ముఖాలు, పండ్లలా వేలాడే రొమ్ములు, ఉబ్బిన పిరుదులు, తెరుచుకున్న అరచేతులు. కుడివైపు పైన ఒక చేయి కత్తెర పట్టుకుని ఉంటుంది. చిత్రంలో ఎక్కడా దూరం లేదు, ఆకాశం లేదు, కన్ను వెళ్ళి సేదతీరే సందు లేదు. చూసేవాడు లోపలికి వెళ్ళలేడు. వాళ్ళే ఇవతలికి వస్తున్నట్టుంటుంది.

ఇక్కడ అడవి ఏది? క్యూబాలో ఆ పేరుకు తగిన కీకారణ్యం లేదని, ఉన్నది పొదలు, కొండలు, మైదానాలేనని లామే అన్నాడు. ఆ గడలు చెరకు, ఆకులు పొగాకును గుర్తుచేస్తాయి. రెండూ మనిషి వరసల్లో నాటి, లెక్కపెట్టి, కొరడా చూపి కోయించిన పంటలు. చెరకు తోట రాత్రివేళ తన మీద పనిచేసినవారి పూర్వీకులతో నిండిపోతే ఎలా ఉంటుందో అలా ఉంది ఆ చిత్రం. దాన్ని ఆదిమ ప్రకృతి దృశ్యంగా చూసిన యూరప్, అమెరికా ప్రేక్షకులు తమ ఊహలోని అడవినే చూశారు. కత్తెర అర్థం మీద వాదాలున్నాయి. పాత బంధాన్ని తెంచడానికని కొందరంటారు, కోతకని కొందరు. లామ్ దాన్ని ఒక్క అర్థానికి కట్టేసినట్టు నాకు అనిపించదు.

ఆ తరవాతి కాలమంతా ఆయన చిత్రాల్లో తిరిగే 'గుర్రపు స్త్రీ' విషయంలో మాత్రం తెలుగు పాఠకులకు పాశ్చాత్య ప్రేక్షకుడి కంటే దగ్గరి దారి ఉంది. పొడవాటి గుర్రపు మూతి, జూలు, కొమ్ములు, స్త్రీ శరీరం, తల మీద ఎలెగ్వాను తలపించే గుండ్రటి చిన్న తల. సాంతెరియాలో దేవత ఎవరి మీదికి వస్తే ఆ మనిషిని గుర్రం అంటారు. దేవత రౌతులా ఎక్కి తనకిష్టమైన చోటికి నడిపిస్తుంది. జాతరలో అమ్మవారు పూనిన మనిషిని చూసినవారికి ఇందులో సర్రియలిజం ఏమీ కనపడదు. పూనకంలో ఉన్న మనిషి తానూ, తాను కానిదీ ఒకేసారి అయిపోయే స్థితిని ఒకే దేహంలో చూపడమే లామ్ చేసింది. ముఖానికి పక్కన మరో ముఖం పెట్టే పద్ధతి పికాసో దగ్గర చూసే కోణాల ఆట. లామ్ దగ్గర అది ఒకే ఒంట్లో ఇద్దరు ఉండే సంగతి. రెండూ బయటికి ఒకలాగే కనిపిస్తాయి గనుకే పోలిక పోరు ఎనభై ఏళ్ళుగా ఆగడం లేదు.

ఇంతకీ చైనా సంగతి? దాన్ని గీతల్లో వెతికి పట్టుకున్నామనే వ్యాసాలు ఉన్నాయి. తండ్రి కుంచెతో ఉత్తరాలు రాస్తుంటే చూసి పెరిగినవాడి చేతికి ఆ ఒడుపు అంటే ఉండవచ్చు. కానీ ఆ వాదనలకు చిత్రాల్లో బలమైన ఆధారం తక్కువ. లామ్ చైనా తండ్రిని ఎప్పుడూ దాచుకోలేదు, అలాగని ఎగరేసే జెండాగానూ వాడుకోలేదు. మూడు మూలాలున్నాయి కనుక మూడింటికీ సమాన వాటా ఇవ్వాలనే పట్టుదల విమర్శకులదే.

అమెరికాలో లామ్‌కు స్థానం దొరికిన తీరు మరో చిక్కుముడి. పియర్ మటీస్ గ్యాలరీ 1942 నుంచి న్యూయార్క్‌లో ఆయన పనులను ప్రదర్శించింది. 1944లో న్యూయార్క్ ఆధునిక కళా మ్యూజియం క్యూబా చిత్రకారుల ప్రదర్శన పెట్టినప్పుడు లామ్ పాల్గొనడానికి ఒప్పుకోలేదు. జాతీయ శైలి అనే గూట్లో కూర్చోవడం ఆయనకు ఇష్టం లేదు. మరుసటి ఏడు అదే మ్యూజియం 'లా హుంగ్లా'ను కొన్నది. కొన్నాక చాలాకాలం దాన్ని పికాసో, మీరోలున్న గదుల్లో కాక, సందర్శకులు కోట్లు దాచుకునే గదికి వెళ్ళే దారిలో వేలాడదీసింది. 1988లో కవి, విమర్శకుడు జాన్ యావ్ దీని మీద ఘాటైన వ్యాసం రాశాడు. చైనా మూలాలున్న యావ్ అడిగింది సూటి ప్రశ్న: ఈ చిత్రం ఆధునిక కళలో భాగమా, లేక దానికి వచ్చిన అతిథా? ఈ ప్రశ్నకు గోడ మీది స్థలమే సమాధానం ఇస్తోందని ఆయన వాదన.

హవానాలో లామ్ స్థిరంగా ఉండలేదు. 1945 చివర హైతీ వెళ్ళాడు, 1946 జనవరిలో పోర్ట్-ఓ-ప్రిన్స్‌లో ప్రదర్శన పెట్టాడు, అక్కడి వూడూ మతపు తంతులను చూశాడు. ఆ తరవాత చిత్రాల్లో రంగులు చీకటిపడ్డాయి, ఆకులు మాయమై ముళ్ళు, కొమ్ములు, బాణాలు మిగిలాయి. 1952లో పారిస్‌లో స్థిరపడ్డాడు. స్వీడన్ చిత్రకారిణి లూ లోరాన్‌ను 1960లో పెళ్ళి చేసుకుని, ఇటలీలోని ఆల్బిసోలాలో ఇల్లు తీసుకుని కుండల బట్టీల దగ్గర పింగాణీ పళ్ళాల మీద తన జీవాలను గీశాడు. విప్లవానంతర క్యూబాతో సంబంధం నిలుపుకున్నాడు. 1965, 66ల్లో హవానాలోని అధ్యక్ష భవనం కోసం 'మూడో ప్రపంచం' అనే పెద్ద చిత్రం గీశాడు. ఈ ఆఖరి దశాబ్దాల్లో ఒకే బొమ్మల భాష కొంత అలవాటుగా మారిందన్న విమర్శలో నిజం లేకపోలేదు. 1942, 1943ల్లోని ఒత్తిడి వాటిలో తరచుగా ఉండదు. 1978లో పక్షవాతం వచ్చాక చక్రాల కుర్చీలోంచి కూడా పని ఆపలేదు. 1982 సెప్టెంబరు 11న పారిస్‌లో చనిపోయాడు. అస్థికలను క్యూబాకు తీసుకెళ్ళారు.

మార్కెట్, మ్యూజియాలు ఇప్పుడు వేగంగా దిద్దుబాట్లు చేసుకుంటున్నాయి. పారిస్‌లోని పాంపిదూ సెంటర్‌లో 2015లో మొదలైన పెద్ద ప్రదర్శన మాడ్రిడ్, లండన్ నగరాలకు వెళ్ళింది. 1943 నాటి 'ఓమి ఓబిని' చిత్రం 2020 వేలంలో 96 లక్షల డాలర్లు పలికింది. ఒకప్పుడు కోట్ల గది దారిలో వేలాడదీసిన న్యూయార్క్ మ్యూజియమే 2025 నవంబరులో 130కి పైగా పనులతో లామ్ జీవితకాల ప్రదర్శన తెరిచింది. 1920ల నాటి స్పెయిన్ చిత్రాల నుంచి 1970ల పనుల దాకా వరసగా చూడగలగడం వల్ల అక్కడ ఒక మేలు జరిగింది: సోతోమయోర్ శిష్యుడికి, 'లా హుంగ్లా' గీసినవాడికి మధ్య ఉన్న ఇరవై ఏళ్ళ దూరం కళ్ళెదుట పరుచుకుంది. మాడ్రిడ్‌లో నేర్చిన ఆ కండపుష్టి గల గీత చెరకు గడల మధ్య నిలబడ్డ కాళ్ళలో ఇంకా పనిచేస్తూనే ఉండటం కూడా కనిపించింది.